నిప్పుకి చదువొచ్చింది

అనగనగా ఒక రాజు. ఆయనకి ముగ్గురే కొడుకులు. ఏడుగురు కాదేమని అడక్కండి, ముగ్గురి అల్లరికే జుట్టు నెరిసిపోయింది.

ఆ రాజుగారి బావమరిది శీలభద్రుడు రత్నగిరి నగరంలో రాయబారి. ఆ నగరం మీదికి ఉల్కాముఖుడనే మాంత్రికుడు దండెత్తి, కొండెక్కి కూచుని నిప్పుబంతులు విసురుతున్నాడు. హంస జెండా ఎగిరేది రాయబారి ఇల్లు. ఎంత యుద్ధమొచ్చినా దాన్ని ముట్టుకోకూడదని లోకమంతటికీ నియమం. అయినా ఒక బంతి వచ్చి వంటింటి కప్పు కాల్చేసింది.

పెద్దకొడుకు వెళ్లి అడిగాడు. “గాలి మళ్లించింది నాయనా” అన్నాడు మాంత్రికుడు.

పశువుల కొట్టం కాలింది. రెండోవాడు వెళ్లి అడిగాడు. “పొగలో జెండా కనపడలేదు నాయనా.”

వీధి అరుగు కాలింది. మూడోవాడు మకరందుడు వెళ్లి అడిగాడు. “నిప్పుకి చదువు రాదు నాయనా. అది రాయబారి ఇల్లని దానికేం తెలుసు?”

మకరందుడు తిన్నగా మేనమామ ఇంటికెళ్లాడు. “మామా, మన ఊరికి పోదాం పద.”

“నేనూ పోతే ఇక్కడ సంధి మాట ఎత్తేవాడెవడురా?” అన్నాడు శీలభద్రుడు.

మసి మొహంతో మరదలు పద్మరేఖ వచ్చింది. “ముగ్గురన్నదమ్ములూ మూడు సాకులు మోసుకొచ్చారు. బరువెక్కువైందా బావా?”

“నిప్పుకి చదువు చెప్పించి వస్తా. ఈలోగా నువ్వు మొహం కడుక్కో.”

మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. మాంత్రికుల ప్రాణాలు ఇంకెక్కడుంటాయి? ఒడ్డున వలలో చిక్కిన తాబేలుని మకరందుడు విడిపిస్తే, అది వీపెక్కించుకుంది. ఒక సముద్రం దాటగానే “ఇంకెంత దూరం?” అన్నాడు. “కూచో” అంది. రెండోది దాటగానే “ఇంకెంత దూరం?” అన్నాడు. “కూచోమన్నానా” అంది. మూడోది దాటి మళ్లీ అడిగేసరికి బుడుంగున మునిగింది. మిగతా నాలుగు సముద్రాలూ మకరందుడు నోరెత్తితే ఒట్టు.

దీవిలో బంగారు పంజరం, అందులో దిగాలుగా చిలక.

“చంపడానికొచ్చావా?” అంది.

“కాదు. మా మామ ఇంటికి చుట్టంగా పిలవడానికొచ్చా.”

“పచ్చిమిరపకాయలు పెడతారా?”

“గంపెడు.”

“మరింకా నిలబడ్డావేం?”

పంజరం వచ్చి హంస జెండా పక్కన వేలాడింది. సరిగ్గా అప్పుడే కొండ మీంచి నిప్పుబంతి బుసలు కొడుతూ బయల్దేరింది. “ఉల్కాముఖా, నేనిక్కడున్నా” అని కేకేసింది చిలక. మాంత్రికుడు గబగబా మంత్రాలు చదివాడు. బంతి ఇంటిదాకా వచ్చి, జెండా చూసి, బుద్ధిగా పక్కకి తిరిగి ఏట్లో పడింది.

“బావా, దీనికి చదువొచ్చేసిందే” అంది పద్మరేఖ.

మర్నాడు చిలక బజారు చూస్తానంది. తర్వాత వైద్యశాల, ఆ తర్వాత కుమ్మరివీధి. తన ప్రాణం ఏ పూట ఏ వీధిలో తిరుగుతోందో తెలీక మాంత్రికుడు బంతులు మానేసి, సంధికోసం కొండ దిగొచ్చాడు.

“ఇదే అదను, చిలక మెడ విరిచేద్దాం” అన్నాడు నగర సేనాపతి. చిలక మిరపకాయ నమలడం ఆపేసింది.

శీలభద్రుడు పంజరానికి అడ్డంగా నిలబడ్డాడు. “ఈ జెండా కింద మన ప్రాణమైనా, వాడి ప్రాణమైనా ఒకటే. ముట్టుకుంటే మనకీ చదువు రానట్టే.”

మాంత్రికుడు తలదించుకున్నాడు. బంతుల సంచి ఏట్లో పారేసి, వంటింటి కప్పు, కొట్టం, అరుగు తన చేతుల్తోనే మళ్లీ కట్టాడు. ఆ అరుగు మీదే మకరందుడికీ పద్మరేఖకీ పెళ్లి. చిలక ఆడపెళ్లివారి తరఫున కూచుని అందరికీ వంకలు పెట్టింది. రాజుగారు కిరీటం మూడోవాడికే ఇచ్చారు. అన్నలు ఈసారి ఏ సాకూ చెప్పలేదు. ఆ దంపతులు తల నెరిసేదాకా చల్లగా ఏలారు.

పెళ్లికని బయల్దేరిన తాబేలు మాత్రం మొదటి బిడ్డ బారసాలకి చేరుకుంది.