చూకో అవ్వ బాణం

అనగనగా ఎక్కడో దూరాన, ఎర్రటి ఇసుక పరుచుకున్న కలహారి అనే ఎడారి. ఆ నేల మీద అందరికంటే ముందు కాలు మోపినవాళ్ళు సాన్ జనం. ఇసుకలో సగం చెరిగిన అడుగు చూసి, అది ఏ జంతువుదో, కుంటుతోందో పరుగెడుతోందో చెప్పగల దిట్టలు. వాళ్ళలోనూ కాషే అనే వేటగాడి గురి మరీ గొప్పది.

వాళ్ళకో వింత ఆచారం ఉంది. బాణాలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. జంతువును పడగొట్టింది ఎవరైనా సరే, మాంసం బాణం ఇచ్చినవారిది. వాళ్ళే దాన్ని అందరికీ పంచాలి. ఇక వేటగాడినంటారా, ఎవ్వరూ మెచ్చుకోరు. గర్వం తలకెక్కకూడదని పైగా వెక్కిరిస్తారు!

ఒక ఏడు పశువుల షావుకారు ఒకడు ఆ సీమకు వచ్చి, కనిపించిన నేలకల్లా ముళ్ళకంచె వేసుకుంటూ పోయాడు. చివరికి సాన్ జనం దాహం తీర్చే నీటిగుంట ఒక్కటే మిగిలింది. దాన్నీ ఇమ్మని ఆ సీమనేలే రాజును అడిగితే, "సొంతదారు ఒప్పుకుంటేనే అది నీది" అన్నాడాయన. షావుకారు ఆలోచించి కాషేకు గాలం వేశాడు.

మొదటినాడు "నువ్వు మనిషివి కావయ్యా, సింహానివి!" అన్నాడు. కాషే నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు "నీ వాళ్ళంతా నీ చేతి చలవతోనే బతుకుతున్నారు" అన్నాడు. బుద్ధెరిగాక అలాంటి మాట విననివాడు కదా, కాషేకు తేనె నాకినట్టయింది.

మూడోనాడు "ఇంతటి మొనగాడుండగా ఆ గుంట ఇంకెవరిది? రేపు రాజు ముందు 'అది నాది, షావుకారుకు ఇస్తున్నాను' అను చాలు. నిన్నే వీళ్ళకు పెద్దను చేయిస్తా" అన్నాడు. కాషే మునగచెట్టు ఎక్కనే ఎక్కాడు. సరేనన్నాడు.

ఆ సాయంత్రమే అతని బాణానికి పెద్ద దుప్పి పడింది. జనం చుట్టూ మూగి, "ఈ ఎముకల మూట కోసమా మమ్మల్ని ఇంత దూరం నడిపించావు? దీనికంటే కుందేలు నయం!" అని ఎగతాళి చేశారు. ఎప్పుడూ వాళ్ళతో కలిసి నవ్వే కాషే ఈసారి మండిపడ్డాడు.

"కొట్టింది నేను, మాంసం నాది!" అని అరిచాడు.

ఆ బాణం ఇచ్చిన చూకో అనే ముసలవ్వ మెల్లగా ముందుకొచ్చింది.

"అలాగే తీసుకో నాయనా. కానీ కొట్టినవాడిదే మాంసమైతే, నీకు వేట దొరకని రోజున నీ పిల్లలేం తింటారు? నాలాగా కాళ్ళు పట్టు తప్పిన రోజున నువ్వేం తింటావు?"

సిగ్గుతో కాషే తల వాలిపోయింది. మాంసం ఆమె ముందు పెట్టి, తన వంతు వచ్చేదాకా అందరితో పాటు కూర్చున్నాడు.

తెల్లవారి రాజు అడిగాడు. "కాషే, ఆ గుంట నీదేనా?"

"నాది కాదు ప్రభూ."

"చూశారా, ఎవరిదీ కాదు! ఇక నాదే" అని షావుకారు ఎగిరి గంతేశాడు.

"ఎవరిదీ కాకపోవడమేం? అందరిదీను. చూకో అవ్వది, ఆమె మనవలది, ఇంకా పుట్టనివాళ్ళది. వెళ్ళి అందరినీ అడిగి రా. ఆ పుట్టనివాళ్ళు ఒప్పుకున్ననాడు నేనూ ఒప్పుకుంటాను" అన్నాడు కాషే.

గుంట సాన్ జనం అందరిదీనని, దాని జోలికి ఇంకెవరూ పోరాదని రాజు తీర్పు చెప్పాడు. మిగతా నేల ఇంకా కంచెల వెనకే ఉంది. దాని కోసం సాన్ జనం నేటికీ తల వంచకుండా అడుగుతూనే ఉన్నారు. గుంటలో నీళ్ళు మాత్రం వాళ్ళ పిల్లలే తాగుతున్నారు.

నీతి: పొగడ్తకు లొంగినవాడు నలుగురి సొత్తు పోగొడతాడు, నలుగురితో పంచుకునేవాడు నలుగురినీ నిలబెడతాడు.