పరీక్షపాకలో పెళ్లి తాంబూలం

“ఇంకోసారి కుళ్లిన ఆకులే వస్తే ఈ సంబంధం మనకొద్దు!”

శంఖద్వీపాన్ని ఏలే మణికంధర మహారాజు నిండు సభలో తేల్చేశాడు. ఆయన ఎదుట పళ్లెంలో నల్లబడిపోయిన తమలపాకులున్నాయి. ఆ పళ్లెం పట్టుకుని రేవు అధికారి గజపాణి ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. ముక్కు మూసుకున్నాడు గానీ మొహంలో గర్వాన్ని దాచుకోలేకపోయాడు.

సంబంధం పొరుగునున్న హంసద్వీపం యువరాజుతో. జాతకాలు కుదిరాయి, ఈడూ జోడూ కుదిరింది, అన్నిటికీ మించి రాకుమారి కువలయకు మనసు కుదిరింది. కుదరనిదల్లా తాంబూలమే. నిశ్చితార్థానికి ఎవరి నేలలో పండిన ఆకు వాళ్లే తేవాలన్నది ఆ దీవుల ఆచారం. మగపెళ్లివారి ఆకులు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ కుళ్లాయి. రెండు ముహూర్తాలు గంగలో కలిశాయి.

ఎందుకు కుళ్లాయంటే, అదంతా ఒక చట్టం చలవ. ఎప్పుడో పొరుగు దీవి పడవలో ఒక పురుగు వచ్చి ఇక్కడి కొబ్బరితోటల్ని తినేసింది. అప్పటినుంచి, బయటి ఆకైనా కాయైనా విత్తయినా రేవులో పరీక్షించాకే లోపలికి వదలాలని రాజుగారు చట్టం చేశారు. మంచి చట్టమే. కాకపోతే అది గజపాణి చేతిలో పడింది.

ఆకు తిప్పి చూస్తే పురుగుందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. అంత తేలిగ్గా తేలిపోతే ఇక అధికారి గొప్పేముంది? అందుకని ఆయన రేవులో ఒక పాక వేయించాడు. వచ్చిన ప్రతి గంపనీ తడి గోనె కప్పి వారం రోజులు అందులో మూసిపెట్టేవాడు. ఆ తర్వాత గోనె తీసి, “చూశారా, రోగం బయటపడింది!” అనేవాడు. పాలకూర పెట్టినా రోగమే, పనసతొనలు పెట్టినా రోగమే. రోగం పట్టుకున్నప్పుడల్లా రాజుగారు ఒక శాలువా కప్పేవారు. పాపం, అంత ఎండల్లోనూ ఆయన అన్నీ కప్పుకునే తిరిగేవాడు.

ఇది చూసి ఒళ్లు మండిపోతున్నవాడు ఆ కొలువులో ఒక్కడే. రాజుగారికి తాంబూలం చుట్టి అందించే కేసరప్ప.

“మహాప్రభూ, ఈ ఆకులు అక్కడే కుళ్లి వచ్చాయా, ఇక్కడికి వచ్చి కుళ్లాయా?” అని అడిగేశాడు.

రాజుగారి కళ్లెర్రబడ్డాయి. “అంటే మా గజపాణి అబద్ధమాడుతున్నాడంటావా? మూడో గంప రానీ. అదీ కుళ్లిందో, సంబంధంతో పాటు నీ కొలువూ పోతుంది!”

ఆ సాయంత్రం కువలయ కేసరప్పను తోటలోకి పిలిపించింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి.

“నాన్నగారు నా మాట వినరు. నువ్వు నోరు తెరిస్తే నీ కూటికే ఎసరొచ్చింది. ఇప్పుడేం దారి కేసరప్పా?”

కేసరప్ప ఎదురుగా ఉన్న తమలపాకు పందిరి వైపు చూశాడు. అది సాక్షాత్తూ రాజుగారి పెంపకం. రోజూ పొద్దున్నే తన చేత్తో నీళ్లు పోసి, చుట్టూ ఉన్నవాళ్లు ఆహా ఓహో అనేదాకా అక్కడే నిలబడతారు.

“దారి ఈ పందిరి మీదే ఉందమ్మా. మీ చేత్తో ఓ గంపెడు కోయండి.”

కేసరప్ప ఆ గంపను వెనక తీరాన జాలరి పడవ ఎక్కించి, దీవి చుట్టూ తిప్పి రేవుకు చేర్చాడు. ఎక్కడిదని గజపాణి అడగను కూడా లేదు. పడవలో వచ్చిందంటే పొరుగుదే. తడి గోనె కప్పించి పాకలో పెట్టించాడు. కేసరప్ప మాత్రం యువరాజుకు వేరే కబురు పంపాడు: మీ ఆకులు ముందుగా పంపకండి, ముహూర్తం రోజున మీరే వెంట తెచ్చుకోండి.

వారం గడిచింది. ముహూర్తం రోజున సభ తీరింది. మగపెళ్లివారి పడవ రేవులో ఆగి ఉంది. గజపాణి పళ్లెం మీది గుడ్డ తీయగానే ముందు వరుసవాళ్లు వెనక్కి జరిగారు.

“ఆకు చూస్తే పెంచినవాడి బాగోతం తెలిసిపోతుంది మహాప్రభూ,” అన్నాడు గజపాణి. “వీటికి నీళ్లు పోసినవాడికి తీగకూ తాడుకూ తేడా తెలియదు.”

“ఇంకా?” రాజుగారు హుషారుగా ముందుకు వంగారు.

“వట్టి బద్ధకస్తుడు. పైగా మూర్ఖుడు. గడ్డి పీకడానికైనా ఇలాంటివాణ్ణి గడప తొక్కనివ్వకూడదు!”

సభ గొల్లుమంది. రాజుగారు అందరికంటే గట్టిగా నవ్వి, శాలువా తెమ్మని సైగ చేశారు.

“శాలువా ఏం సరిపోతుంది మహాప్రభూ?” అన్నాడు కేసరప్ప. “ఇంత ధైర్యవంతుణ్ణి ఈ సభ ఇంతవరకు చూడలేదు.”

“ఇందులో ధైర్యమేముందోయ్?”

“ఆ తీగకు రోజూ నీళ్లు పోసేది తమరే కదా!”

రాజుగారి నవ్వు సగంలో ఆగిపోయింది. కువలయ లేచి నిలబడింది.

“అవును నాన్నగారూ. మీ పందిరి ఆకులే. నేనే కోశాను.”

గజపాణి పళ్లెం కింద పెట్టేశాడు. పదవి మాట దేవుడెరుగు, తల నిలిచేలా లేదు. గబుక్కున రాజుగారి కాళ్ల మీద పడ్డాడు.

“అపచారం మహాప్రభూ! తమరి ఆకులకు వంక పెట్టగలనా? తడి గోనె కప్పి వారం రోజులు మూసిపెడితే ఏ ఆకైనా కుళ్లిపోదా!”

కేసరప్ప గజపాణికి ఎంతో వినయంగా చేతులు జోడించాడు.

“ఈ ముక్క మొదటి గంపప్పుడే సెలవిచ్చి ఉంటే, మా రాకుమారి ఈపాటికి అత్తారింట్లో ఉండేది కదండీ!”

రాజుగారు కుళ్లిన ఆకుల్ని చూశారు, కూతురి మొహం చూశారు, ఇక ఆపుకోలేక పగలబడి నవ్వారు. దాంతో సభకూ ధైర్యం వచ్చింది. ఆ నవ్వుల మధ్యే తన మెడలోని ముత్యాలహారం తీసి కేసరప్ప మెడలో వేసి, పెళ్లివారి ఆకులు ఇప్పుడే, అందరి ఎదుటా తిప్పి చూసి లోపలికి తెమ్మని గజపాణిని రేవుకు పరుగెత్తించారు.