మక్కు కండువా

అనగనగా, కొండ కాళ్ళ దగ్గర ఒదిగి కూర్చున్న ఒక ఊళ్ళో అన్నీ బొమ్మలు చేసే ఇళ్ళే. ఆ దుప్పటి తన్నకే పిల్లా, చెప్తున్నా కదా! కాళ్ళు లోపల పెట్టుకుని ఊఁ కొట్టు.

ఆ ఊళ్ళో కనకాచారి, నాంచారమ్మ అని మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. వాళ్ళకి తాయారని ఒక్కగానొక్క కూతురు. అచ్చం నీ అంత ఉంటుంది. నీలాగే మొండిఘటం.

కనకాచారి కర్రతో బొమ్మలు చెక్కేవాడు. నాంచారమ్మ చింతగింజల పొడిలో రంపంపొట్టు కలిపి మెత్తటి ముద్ద చేసేది. దాన్ని మక్కు అంటారు. బొమ్మకి ముక్కు పెట్టాలన్నా, తలపాగా చుట్టాలన్నా ఆ మక్కుతోనే.

ఒకసారి కనకాచారి గంపనిండా బొమ్మలు పెట్టుకుని, ఏరు దాటి తిరనాళ్ళకి వెళ్ళాడు. ఆయనది నడకా? పరుగే! భుజం మీది కండువా వెనకాల రెపరెపలాడాల్సిందే. తాయారు వీధిలో నిలబడి ఆ కండువా మలుపు తిరిగేదాకా చూసింది.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. ఏరు పొంగింది. కనకాచారి క్షేమంగానే ఉన్నాడని, వరద తియ్యగానే వస్తాడని అవతలి గట్టు మీంచి ఎవరో కేకేసి చెప్పారు. వరద తీస్తేగా!

అప్పుడు తాయారు కంచం ముందు నుంచి లేచిపోయింది. "నాన్న వచ్చి ముద్ద పెడితేనే తింటా" అంది. బతిమాలితే తినలా. బెదిరిస్తే తినలా. పక్కింటి పిన్ని చంకనేసుకుని వీధంతా తిప్పినా తినలా. కాసిని మజ్జిగ నీళ్ళు తప్ప ఏదీ గొంతు దిగట్లేదు. బుగ్గలు పీక్కుపోయాయి. నాంచారమ్మ చూస్తూ ఊరుకుంటుందా? కన్నతల్లి కదమ్మా!

పోనీ నాన్న బొమ్మని చూస్తే తింటుందేమోనని ఆవిడ జానెడు కర్ర బొమ్మకి మీసం పెట్టింది, నెత్తిన గంప పెట్టింది, భుజాన మక్కు కండువా అతికించింది.

తాయారు చూసి పెదవి విరిచింది. "ఈయన నాన్న కాదు. నాన్న కండువా ఎగురుతుంది. ఈయనది పడుకుంది."

మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా! ఎగిరే కండువా ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు. అయినా నాంచారమ్మ కొంగు బిగించింది.

మొదట మందంగా చేసింది. అది దిబ్బరొట్టెలా వేలాడింది. తీసి పారేసింది.

అప్పుడు పల్చగా ఒత్తి, పచ్చిమక్కు పచ్చిగానే అతికించింది. అది జర్రున జారి నడుముకి చుట్టుకుని లుంగీ అయి కూర్చుంది! నవ్వకే, పాపం ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ.

ఆ తర్వాత దండెం మీది చీర తియ్యడానికి లేచింది. గంజి పెట్టిన చీర, ఆరీ ఆరకుండా ఉంది. చెంగు మడతలు మడతలుగా బిగిసి గాలికి ఊగుతోంది. నాంచారమ్మ అక్కడే నిలబడిపోయింది. "ఓసి నా తెలివి తెల్లారిపోనూ! కాస్త ఆరనివ్వకుండా పచ్చిదాన్నెందుకు ఎత్తానూ?" అనుకుంది.

ఈసారి నూనె రాసిన అరిటాకు మీద మక్కుని అప్పడంలా ఒత్తి నీడలో పెట్టింది. మాటిమాటికీ తాకి చూసుకుంది. వేలికి అంటకుండా, వంచితే విరక్కుండా ఉన్నప్పుడు మెల్లిగా ఎత్తి భుజానికి నొక్కింది. కింద దూది దన్ను పెట్టి, అంచులు అలల్లా వంచింది. ఎండాక దూది లాగేసింది. కండువా ఎగిరింది!

ఆ ఊళ్ళో బొమ్మ పూర్తయితే వీధికి మొహం పెట్టి అరుగు మీద నిలబెట్టడం అలవాటు. నాంచారమ్మ అలాగే నిలబెట్టి, మురిసిపోతూ కూతుర్ని పిలిచింది.

తాయారు ఇంట్లోంచి వచ్చి చూసి ఒక్కసారిగా ఘొల్లుమంది. "నాన్న మళ్ళీ వెళ్ళిపోతున్నాడే అమ్మా!"

నాంచారమ్మ మళ్ళీ బొమ్మ వంక చూసింది. నిజమే! పడుకున్న కండువా అయితే మనిషి నిలబడి ఉన్నట్టు. ఎగిరే కండువా అయితే నడుస్తున్నట్టు. వీధివైపు నడుస్తుంటే వెళ్ళిపోతున్నట్టేగా? ఆవిడ కూడా అరుగు మీద కూలబడి ఏడ్చింది.

అప్పుడు తాయారు ముక్కు తుడుచుకుంది. ఏమనుకుందో ఏమో, బొమ్మని రెండు చేతులా పట్టుకుని మొహం ఇంట్లోకి ఉండేట్టు తిప్పింది. కాసేపు తల వంచి చూసింది.

"వచ్చేస్తున్నాడు. అన్నం పెట్టు" అంది.

ఆ తల్లి పరుగు చూడాలి నువ్వు! వేడన్నంలో పప్పూ నెయ్యీ కలిపి తెచ్చింది. నా తల్లి తాయారు, కంచం ఊడ్చేసింది.

ఆ తర్వాత తాయారు రోజూ బొమ్మని కాస్త లోపలికి జరిపేది. జరిపి తినేది. అరుగు మీంచి గడపలోకి, గడపలోంచి నట్టింట్లోకి. బొమ్మ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వరద తీసింది. కనకాచారి మోకాళ్ళదాకా బురదతో పరిగెత్తుకుంటూ వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు.

అన్నానికి కూర్చున్నప్పుడు గుమ్మంలో బొమ్మ కనిపించింది. "ఎవరే ఈ పెద్దమనిషి?" అన్నాడు.

"నువ్వే నాన్నా! ఏరు నిన్ను రానివ్వట్లేదుగా, నేనే రోజూ కొంచెం కొంచెం తీసుకొచ్చా" అంది తాయారు.

కనకాచారి నోటిదాకా తెచ్చుకున్న ముద్ద కూతురి నోట్లో పెట్టాడు.

కథేమో కంచికి,
కండువా కొయ్యకి,
నాన్నేమో ఇంటికి,
నిద్దర నీ కంటికి!