మందయాన మోసిన గుడారం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. ఏటా వైశాఖమాసం వచ్చేసరికి ఆ వాగు ఎండిపోయేది.

అప్పుడు అక్కడి చిన్న ప్రాణులన్నీ బోడిమిట్ట దాటి అవతలి లోయకు పోయేవి. ఆ లోయలో ఎన్నడూ ఎండని మడుగు ఒకటి ఉన్నది. బోడిమిట్ట మీద మూడు రోజుల నడక. అక్కడ చెట్టు లేదు, పొద లేదు, రాతి చాటైనా లేదు. నీడ కావాలంటే వెంట మోసుకొని పోవలసిందే.

ఆ నీడ ఒక గుడారం. అడ్డాకులను పొరలు పొరలుగా పేర్చి, నారతో కుట్టి, వెదురు గడల మీద నిలబెట్టే గుడారం. దానిని మోసేది మందయాన అనే గాడిద. కుట్టేది కంటకవేణి అనే ముళ్ళపంది. ఆమెకు సూది వెతుక్కోవలసిన పని లేదు. వీపు మీది నుండి ఒక ముల్లు పీకుకుంటే చాలు.

ఆ గుడారానికి ఒక ఆచారం ఉన్నది. దాని కింద తల దాచుకున్న ప్రతి కుటుంబమూ లోయ చేరగానే కృతజ్ఞతగా ఒక పొర అడ్డాకులు ఇవ్వాలి. కంటకవేణి ఆ పొరను గుడారానికి కలిపి కుట్టాలి. ఒకరు ఇచ్చినదానిని విప్పడం మర్యాద కాదు. అందువలన ఏడాదికేడాది కృతజ్ఞత పెరిగింది, గుడారమూ పెరిగింది. మోసే వీపు మాత్రం ఒక్కటే. అదీ ముసలిదవుతున్నది.

పదిహేను సంవత్సరాలు మందయాన ఆ బరువు మోసింది. ఆ ఏడాది మాత్రం ఆమెకు లేవబుద్ధి కాలేదు. రాత్రి ఆమె పడుకున్నది గాని ఆమె అలసట పడుకోలేదు. తెల్లవారేసరికి మోకాళ్ళు రాళ్ళలాగా బిగుసుకొని ఉన్నాయి. ఆ సంగతి ఎవరికైనా చెప్పవచ్చును. కాని "మోయలేను" అన్న మాట ఆమె నోట ఎన్నడూ వెలువడలేదు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గు అడ్డం వచ్చింది. వంగి, గుడారాన్ని వీపున వేయించుకొన్నది.

ఆ బరువు చాలదన్నట్లు మెడలో ఒక గంప కూడా ఉన్నది. అందులో మృదురోమ అనే కుందేలు ఈనిన మూడు పసికూనలు ఉన్నాయి. పుట్టి పది రోజులైనా కాలేదు.

"నీకు బరువవుతుందేమో, పెద్దమ్మా," అన్నది మృదురోమ, బిడియంగా.

"ఇది బరువు కాదులేవే," అన్నది మందయాన. ఆ మాట నిజమే.

మిట్ట మొదలయ్యే ముందు, అడవి అంచున ఒక పెద్ద బండ ఉన్నది. దాని మీద లంబవాలుడు అనే కొండముచ్చు కూర్చొని తోక దువ్వుకుంటున్నాడు.

"ఏమత్తా! గుడారం కింద నీవున్నావా, లేక గుడారమే కాళ్ళు తెచ్చుకొని నడుస్తున్నదా?" అన్నాడు.

"నీ పని చూసుకో నాయనా," అన్నది మందయాన.

"నీ మేలు కోరే చెబుతున్నాను. తూర్పుకొండల వాళ్ళు ఏం చేస్తున్నారో తెలుసునా? ఒకే ఒక్క పొర ఆకు! చుట్ట చుట్టి చంకన పెట్టుకొని పోతారు. నీవేమో అడవినంతా వీపున కట్టుకున్నావు!"

"గాలివాన వస్తే?"

"నేను ఎన్నడైనా గుడారంలో పడుకున్నానా? బతికి లేనా?" అని లంబవాలుడు పకపక నవ్వాడు. తాను పడుకునేది రాతిగుహలో అన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ మాట మందయాన చెవిలో ఈగలాగా తిరుగుతూనే ఉన్నది.

మొదటి మజిలీలో ఆమె కంటకవేణిని పిలిచింది. "వదినా, ఈ అంచుల వెంట వ్రేలాడే కుచ్చులు ఎందుకు?"

కంటకవేణి వాసన చూసి, కుట్టు తడిమి, "అందానికి," అన్నది.

"ఆ అందం నా మోకాళ్ళకు తెలియదు. తీసివేయకూడదా?"

"అయ్యయ్యో! అవి మా తాతగారు ఇచ్చిన కుచ్చులు!" అని ఉడుత కీచుమన్నది.

"మీ తాతగారు ఇచ్చారు గాని మోయలేదు కదా. ఊరుకో," అన్నది కంటకవేణి. కుచ్చులు విప్పి అక్కడే వదిలివేశారు. ఆ రాత్రి ఎవరికీ ఏ లోటూ కలగలేదు.

మరునాటి ఉదయం మందయాన మళ్ళీ అడిగింది. "వదినా, నేల మీద పరిచేది తొమ్మిది పొరలు. అన్నీ కావాలా?"

కంటకవేణి కొంతసేపు ఆలోచించింది. "రెండు చాలును. నేల చల్లగా తగులుతుంది, అంతే."

ఏడు పొరలు అక్కడే పడ్డాయి. ఆ రాత్రి చుంచెలుక, "నా నడుము కింద ఒక గులకరాయి ఉన్నది," అని పది సార్లు చెప్పింది. పదకొండవసారి చెప్పబోతూ నిద్రపోయింది. అంతకు మించి కీడు ఏమీ జరగలేదు.

మూడవ నాటి ఉదయం వచ్చింది. ఇంకా చివరి ఎత్తు ఎక్కవలసి ఉన్నది. మందయాన కాళ్ళు వణుకుతున్నాయి. బరువు తగ్గిన కొద్దీ, మిగిలిన బరువు మరింత బరువుగా తోచింది. అలసినవారికి అలాగే ఉంటుంది, పిల్లలూ. సగం దింపుకున్నాక తక్కిన సగం మోయబుద్ధి కాదు.

ఆ గుడారంలో అన్నిటికంటె బరువైనది వెన్నుపట్టీ. పైన అడ్డంగా ఉండే గడకు, కప్పుకు నడుమ, ఈ చివర నుండి ఆ చివర దాకా పోయే మందమైన పట్టీ అది. ఏడు పొరల ఆకు, పైన చెట్టుజిగురు పూత. మందయాన దానిని చూసింది. పదిహేనేళ్ళలో అది చేసిన పని ఒక్కటైనా ఆమె కంటబడలేదు. అది చిరగలేదు, కదలలేదు, ఊరక పడి ఉన్నది. చిరగకుండా ఉండటమే దాని పని అని ఆమెకు తోచలేదు.

'వదినను అడగాలి' అనుకున్నది. 'అడిగితే వద్దంటుంది' అని కూడా అనుకున్నది. వద్దనే మాట వినే ఓపిక ఆమెకు లేకపోయింది.

తక్కినవారు గడ్డి వెతుకుతూ దూరంగా పోయారు. మందయాన పళ్ళతో నార కొరికి, పట్టీని ఊడదీసి, ఒక గండిలోనికి తోసివేసింది. గుడారాన్ని ఎప్పటిలాగా మడిచింది. పైకి చూడటానికి ఏ తేడా లేదు.

ఆ పూట ఆమె నడక చూడవలసింది! అందరికంటె ముందు నడిచింది. చిన్న కూనిరాగం కూడా తీసింది.

"పెద్దమ్మకు ఈ రోజు ఎంత హుషారో!" అన్నది మృదురోమ.

మధ్యాహ్నం తిరిగేసరికి ఉత్తరాన ఆకాశం నల్లబడింది. గాలి ఒక్కసారి నిలిచిపోయింది. తరువాత చల్లగా, తడిగా, ఎదురుగా కొట్టింది.

"వడగళ్ళు! గుడారం వేయండి!" అని కంటకవేణి అరిచింది.

గబగబా గడలు పాతారు. కప్పు పరిచారు. తాళ్ళు బిగించారు. అందరూ లోపలికి దూరారు. నడుమ పసికూనల గంప పెట్టారు. కంటకవేణి తలెత్తి పైగడను చూసింది. దాని మీద ఒట్టి ఆకు మాత్రమే ఆనుకొని ఉన్నది.

"వెన్నుపట్టీ ఏదీ?"

మందయాన నేల చూసింది.

"మందయానా! పట్టీ ఏమయింది?"

"తీసివేశాను."

"ఎవరిని అడిగి?"

అప్పటికే వడగళ్ళు మొదలయ్యాయి. మొదటి వడగల్లు ఉసిరికాయంత ఉన్నది. రెండవది అంతకంటె పెద్దది. ఆ తరువాత లెక్క లేదు. గాలికి కప్పు ఊగుతూ పైగడకు రాసుకొన్నది. రాపిడికి ఆకు అరిగింది. వడగళ్ళ దెబ్బకు సరిగ్గా అక్కడే చిట్లింది. చూస్తూ ఉండగానే ఆ చివర నుండి ఈ చివర దాకా చీలిపోయింది. దట్టమైన గోడలు రెండూ రెండు వైపులకు నిలబడే ఉన్నాయి. నడుమ మాత్రం ఆకాశం కనబడింది.

"నా పిల్లలు!" అని మృదురోమ కేక వేసింది.

మందయాన ఆలోచించలేదు. ఒక్క అడుగులో గంప దగ్గరకు పోయి, నాలుగు కాళ్ళ నడుమ గంపను ఉంచుకొని నిలబడింది. "అందరూ నా కిందికి రండి! తొందరగా!"

కుందేలు దూరింది. ఉడుతలు దూరాయి. చుంచెలుకలు డెక్కల సందున ముడుచుకున్నాయి. కంటకవేణి ముళ్ళు ఎవరికీ గుచ్చుకోకుండా వెనుక కాళ్ళ చెంత ఒదిగి కూర్చున్నది. పైన మందయాన వీపు మీద వడగళ్ళు పడుతూనే ఉన్నాయి. మోకాళ్ళు వంగబోయినప్పుడల్లా ఆమె పళ్ళు బిగించింది. వంగితే కింద గంప ఉన్నది.

వాన వెలిసేసరికి పొద్దు వాలింది. కూనలు మూడూ క్షేమంగా ఉన్నాయి. మందయాన వీపున అరచేయంత చోటైనా గాయం లేకుండా మిగలలేదు. గంపను అవతలికి జరిపిన తరువాత గాని ఆమె కూలబడలేదు.

మరునాడు మెల్లమెల్లగా లోయ చేరారు. అందరూ మడుగులో నీళ్ళు తాగారు. కంటకవేణి పసరు నూరి తెచ్చి, మందయాన వీపుకు పూస్తూ కూర్చున్నది.

"నన్ను అడగవలసింది," అన్నది కంటకవేణి.

"అడిగితే వద్దనేదానివి."

"వద్దనేదాన్నే. కప్పు గడకు రాసుకునే చోట ఆ పట్టీ లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసును. కాని నీ మోకాళ్ళ మాట నాకు ఒక్కసారైనా చెప్పావా? చెప్పి ఉంటే గోడల నుండి ఇరవై పొరలు విప్పేదాన్ని. అక్కడ మూడు పొరలు చాలును. తక్కినవన్నీ ఒట్టి మర్యాద."

"మోయలేనని చెప్పడానికి సిగ్గు వేసింది, వదినా."

"విప్పుతానని చెప్పడానికి నాకూ సిగ్గే వేసింది. ఇచ్చినవారు అలుగుతారని," అన్నది కంటకవేణి.

ఆ వర్షాకాలమంతా కంటకవేణి కుట్లు విప్పుతూనే ఉన్నది. కొందరు అలిగారు. అలగనిచ్చింది. గోడలు పలుచనయ్యాయి. పైగడ మీద మాత్రం కొత్త పట్టీ, మునుపటంత మందంగానే, వచ్చింది. గుడారం బరువు సగానికి తగ్గింది. ఆ బరువైతే మందయాన మరి పదేళ్ళయినా మోసేది.

కాని ఆ వీపు మీద ఇక దేనినీ వేయడానికి వీలు లేకపోయింది. తిరుగు ప్రయాణంలో గుడారాన్ని ఒక పడుచు దుప్పి మోసింది. మందయాన వట్టి వీపుతో దాని వెనుక నడిచింది. ఎన్ని ఏళ్ళ నుండో ఆమె కోరుకున్న నడక అది. అయినా ప్రతి మజిలీలోనూ అందరికంటె చివర చేరింది ఆమెయే.

నీతి: భారం తగ్గించుకోవడం తప్పు కాదు, ఏ భారం ఎవరిని కాపాడుతున్నదో తెలిసినవారిని అడగకుండా తగ్గించుకోవడం తప్పు.