కొంరవ్వ ఎత్తుకుపోయిన సద్దిమూటలు

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి. అనుమానం వచ్చినవాళ్ళు మధ్యలోనే అడగండి. ఇది అనుమానాల మనిషి కథ, అడిగితే ఆమెకేం కోపం రాదు.

అనగా అనగా ఒక బొగ్గుబాయి. మన తాతల తాతలు నూనెదీపాలు పట్టుకొని వాలుదారిన అందులోకి దిగేవాళ్ళు. ఆడవాళ్ళూ దిగేవాళ్ళు. బాయి అడుగున గోడకు ఒక పగులు, ఆ పగులులోంచి ఊట, ఊట కింద ఒక గుంట. ఆ గుంట నీళ్ళు తోడే మనిషి కొంరవ్వ.

గుంట మధ్యలో ఒక నల్లరాయి ఉండేది. పొద్దున ఆమె దిగేసరికి నీళ్ళు రాయి మెడదాకా వచ్చి ఉండాలి. ఆ నీళ్ళలో కొన్ని, బొగ్గు టబ్బులు లాగే గుర్రానికి. కొన్ని బొగ్గుదుమ్ము అణగడానికి. మిగిలినవి కొంరవ్వ కడవకెత్తి పైకి మోసేది.

అనుమానం ఆమెకు పుట్టుకతోనే వచ్చింది. కూరలో ఉప్పు సరిపోయినా అనుమానమే, మొగుడు నవ్వినా అనుమానమే. ఆమె ఇంటి పక్కన కాపురం ఉండాలంటే మహా ఓపిక కావాలి.

ఒకనాడు నీళ్ళు రాయి నడుముదాకానే ఉన్నాయి. కొంరవ్వకు అనుమానం వచ్చింది. గుర్రాన్ని చూసుకునే ఓదేలు దగ్గరికి పోయింది.

"నిన్నటి నీళ్ళు ఏడికి పోయినయ్ ఓదేలూ? నీ గుర్రానికి సాటుంగ తాపుతున్నవా?"

ఓదేలుకు ఆ గుర్రం కన్నబిడ్డతో సమానం. అతని మనసు విరిగిపోయింది.

"నన్నంటే పడుదును వదినె. నోరులేనిదాన్ని దొంగను చేస్తివి. ఇగ నీ మొకం చూడ, ఒట్టు."

ఆనాటి నుంచి తన సద్దిమూటను దుంగకు వేలాడే అందరి మూటలతో కలపలేదు. గుర్రం దగ్గరే పెట్టుకొని, అక్కడే తిన్నాడు.

మర్నాడు నీళ్ళు రాయి పాదాల దగ్గరికి దిగిపోయాయి. కొంరవ్వకు అనుమానం వచ్చింది. దుమ్ము మీద నీళ్ళు చల్లే సారక్క దగ్గరికి పోయింది.

"నిన్నటి నీళ్ళు ఏడికి పోయినయ్ సారక్కా? పని తొందరగ ఒడవాలని కుమ్మరిస్తున్నవా?"

"రోజు చల్లినన్నే చల్లిన. నా పిల్లల మీద ఒట్టు," అని సారక్క ఏడ్చింది.

మూడోనాడు గుంట ఎండిపోయింది. రాయి మొత్తం బయటపడింది. బాయిలో ఒకటే సంబరం. పనిచేయించే సర్దారు వచ్చి చూసి చేతులు దులుపుకున్నాడు. "పీడ పోయింది. ఇగ నీ నడుముకు సుఖం కొంరవ్వా," అన్నాడు.

కొంరవ్వకు అనుమానం వచ్చింది. ఈసారి గోడ దగ్గరికి పోయింది. పగులులో వేళ్ళు పెట్టి చూసింది. బంకమట్టి పేరుకొని పగులు మూసుకుపోయింది. గోడంతా చల్లగా, చెమట పట్టి ఉంది.

"నిన్నటి నీళ్ళు ఏడికి పోయినయ్?" అని గోడను అడిగింది. గోడ ఏం చెప్తుంది? ఆమే సర్దారు దగ్గరికి ఉరికింది.

"సర్దారన్నా, ఊట ఆగలే. గోడెనుక జమైతున్నది. అందరం మీదికి పోదాం."

అందరూ పడీపడీ నవ్వారు. "మొన్న గుర్రం దొంగ. నిన్న సారక్క దొంగ. ఇయ్యాల గోడ దొంగనా?"

నవ్వరా మరి? ఇద్దరి మీద ఊరికే నింద వేసిన మనిషి మాట ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను.

కొంరవ్వ బతిమాలింది. తిట్టింది. కాళ్ళు పట్టుకుంది. ఎవరూ కదల్లేదు. అప్పుడు దుంగకు వేలాడుతున్న సద్దిమూటలు ఆమె కంటపడ్డాయి. ఒక్కటి వదలకుండా కడవలో కుక్కింది. కడవ చంకన పెట్టుకొని పైకి పరుగందుకుంది.

ప్రాణం పోతుందంటే కదలని మనుషులు అన్నం పోతుందంటే ఆగుతారా? "దొంగ, దొంగ" అంటూ సర్దారుతో సహా ఎగబడ్డారు.

పైన వెలుతురులోకి వచ్చాక కొంరవ్వ కడవ దించింది.

"ఎవలి మూట వాళ్ళు తీసుకోండ్రి. తీసుకొని కొట్టుండ్రి."

అందరూ తీసుకున్నారు. కడవ ఖాళీ అయ్యింది. కొంరవ్వ అందరి మొహాలూ చూసింది.

"ఓదేలేడి?"

"నీ మొకం చూడనన్నోడు నీ ఎంబడి ఎట్ల ఉరుకుతడు?" అంది సారక్క.

కొంరవ్వ వెనక్కి తిరిగి బాయిలోకి దిగింది. ఎవరూ ఆపలేదు. ఈసారి ఏం ఎత్తుకొస్తుందోనని అనుమానంగా చూస్తూ నిలబడ్డారు.

కింద జరిగింది తర్వాత ఓదేలు చెప్పిందే. కొంరవ్వ రొప్పుతూ వచ్చి గుర్రం ముందు నిలబడిందట.

"నీ గుర్రం దొంగ కాదు తమ్మీ. నాదే తప్పు. ఇగ మీదికి నడువు."

ఓదేలు మొహం తిప్పుకున్నాడు. "ఈ తియ్యటి మాటలు ఇప్పుడెందుకో?"

ఆమె గుర్రం కట్టు విప్పి, వీపు మీద ఫెడీమని చరిచింది. గుర్రం బెదిరి పైకి ఉరికింది. గుర్రం వెనుక ఓదేలు ఉరికాడు. అతని వెనుక గోడ పగిలింది.

గుర్రం పైకొచ్చింది. దాని తోక పట్టుకొని ఓదేలు వచ్చాడు. ఇంకెవరూ రాలేదు.

ఆ పూట మూటలు ఎవరూ విప్పలేదు. సర్దారు ఒక్కొక్క పేరూ పిలిచాడు. పిలిచినవాళ్ళు పలికారు. చివరికి "కొంరవ్వా" అన్నాడు. ఎవరూ పలకలేదు. సారక్క కొంగు నోట్లో కుక్కుకుంది. గుర్రం మెడ పట్టుకొని నిలబడ్డ ఓదేలు అప్పుడు అన్నాడు.

"నా ఎనుకనే వస్తున్నది."

ఇప్పటికీ ఆ బాయిలో సద్ది కిందికి పట్టుకుపోరు, పైనే కట్టి దిగుతారు. ఊట పెరిగితే నీళ్ళు తోడుకుంటారు. తగ్గితే మాత్రం ఒక్క మాట లేకుండా పైకొచ్చేస్తారు. పని ముగిసి పైకొచ్చాక పేర్లు పిలుస్తారు. ఆఖరి పేరు ఎప్పుడూ కొంరవ్వదే. అందరూ ఒక్క గొంతుతో పలుకుతారు.

"ఎనుకనే వస్తున్నది."

ఆ మాట అన్నాకే మూట విప్పుతారు.