బొమ్మ ఎవరికి తిన్నగా ఉంది?

గుమ్మడికోట రాజు వీరభూపతికి బొమ్మలు గీసిన పేకముక్కలు తీసి చెప్పే జోస్యమంటే ప్రాణం. ముక్కలు తీసే మార్తాండశాస్త్రిది ఒకటే సూత్రం. బొమ్మ తిన్నగా కనిపిస్తే ఉన్నది ఉన్నట్టు జరుగుతుంది, తలకిందులుగా కనిపిస్తే ఫలం తిరగబడుతుంది. రాజు మాత్రం ఏనాడూ బొమ్మని చూసేవాడు కాదు, ఎదురుగా కూర్చున్న శాస్త్రి మొహాన్నే చూసేవాడు.

శాస్త్రి కొత్త మేడకి మా కుమ్మరివాడలో కుండలు కాల్చే ఆవం పొగ తగిలింది. మర్నాడే ఆయన ఒక ముక్క తీసి రాజు ముందు పెట్టాడు. అందులో ఆకాశం నిండా పొగ, కింద కిరీటం జారిపోతున్న మనిషి.

"కుమ్మరి ఆవం పొగ తమ కిరీటానికి చేటు ప్రభూ. వాడ ఖాళీ చేయించాలి."

ఆ మాట తెలిసి మొర పెట్టుకోవడానికి వెళ్లిన మావాళ్లలో నూకాలు, ఇంకా రాజు ముందే ఉన్న ఆ ముక్కనే చూస్తూ నిలబడింది.

"మారాజా, ఆ మనిషి తమకెలా కనిపిస్తున్నాడు?"

రాజు మొదటిసారి వంగి చూశాడు. "తలకిందులుగా."

"శాస్త్రిగారికో?"

"తిన్నగానే," అని ఒప్పుకున్నాడు ఎదురుగా కూర్చున్న శాస్త్రి.

"బొమ్మ మారాజుదైతే, తలకిందులైంది కాబట్టి మా పొగ మేలే చేస్తుంది. తిన్నగా చూస్తున్నవారిదైతే, జారేది శాస్త్రిగారి తలపాగా. ఎలా చూసినా ఆవం ఆర్పే పని లేదు గదా బాబూ."

శాస్త్రి చెయ్యి తలపాగా మీదికి పోయింది. రాజు నవ్వి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"తమ కోట పెంకులన్నీ ఆ ఆవంలో కాలినవే. ఇచ్చినవాళ్లమే గాని అడిగేవాళ్లం కాదు," అంది నూకాలు. "ఇకమీదట మాత్రం శాస్త్రిగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇద్దరికీ ఒకే బొమ్మ కనిపిస్తుంది."