ములుకమ్మ సొంత చట్రం

అనగనగా ఒక అడవిలో కంప్యూటర్లు కూడా ఉండేవి. అడవిలో కరెంటు ఎక్కడిదని అడక్కండి. జంతువులు మాట్లాడతాయంటే నమ్మినవాళ్ళు, కరెంటు ఉందంటే నమ్మడానికేం?

ఆ అడవి పేరు గుండ్లకోన. వానాకాలంలో అక్కడ ఎటు చూసినా నీళ్ళే. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం వాగులన్నీ ఎండిపోయి ఒకే ఒక్క మడుగు మిగిలేది. ఆ మడుగులోనే చిరుతా తాగాలి, జింకా తాగాలి. అందుకని పెద్దలు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టారు. ఎవరి వంతు వాళ్ళది. ఒకరి వంతులో ఇంకొకరు మడుగు దగ్గరికి రాకూడదు. చిరుత కూడా ఆ మాటకి కట్టుబడి ఉండేది. కాకపోతే దాని వంతులో ఎవరైనా ఎదురుపడితే, వాళ్ళ ప్రాణానికి పూచీ లేదు.

వంతులన్నీ బకయ్య అనే ముసలి కొంగ చెప్పేవాడు. కాగితం లేదు, కలం లేదు. ఒంటికాలి మీద నిలబడి, ఇప్పుడు కుందేళ్ళు, తర్వాత అడవిపందులు అని పిలిచేవాడు. ఎన్నో ఎండాకాలాలు అలాగే గడిచాయి. కిందటి ఎండాకాలంలో ఒకరోజు ఆయనకి మతిమరుపు వచ్చింది. చిరుత వంతులో జింకల్ని పిలిచాడు. చుక్కమ్మ అనే జింక కూతురి కాలు ఆరోజు చిరుత పంజాకి చిక్కింది. ప్రాణం దక్కింది కానీ, ఆ పిల్ల ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది. పాపం, బకయ్య మూడు రోజులు చేప ముట్టలేదు.

వానలు పడ్డాక మడుగు సంఘం సమావేశమైంది. వచ్చే ఎండలకల్లా వంతులు కంప్యూటరే చెప్పాలని తీర్మానం చేశారు. ఆ పని ములుకమ్మకి అప్పగించారు.

ములుకమ్మ ఒక ముళ్ళపంది. ముళ్ళపందులు పగలు నిద్రపోతాయి కదా అనకండి, కంప్యూటర్ పని చేసేవాళ్ళకి నిద్ర ఎక్కడిది? ఆమెకి జావా బాగా వచ్చు. జావా అంటే కంప్యూటర్‌కి పని చెప్పే భాషల్లో ఒకటి. గుండ్లకోనలో జావా ఎవరికి బాగా వచ్చని అడిగితే అందరూ ములుకమ్మ పేరే చెప్పేవాళ్ళు. అందరికంటే ముందు ములుకమ్మే చెప్పేది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇల్లు కట్టే మేస్త్రి ఇల్లిల్లుకీ కొత్తగా గుమ్మాన్ని కనిపెట్టడు. గుమ్మాలు, కిటికీలు ముందే చేసినవి తెచ్చి బిగిస్తాడు. జావాలో కూడా అంతే. వచ్చినవాళ్ళెవరో గుర్తుపట్టడం, పేర్లు దాచిపెట్టడం, వేళకి గంట కొట్టడం లాంటివన్నీ ముందే చేసి పెట్టిన చట్రాలు దొరుకుతాయి. వాటినే ఫ్రేమ్‌వర్క్ అంటారు. మంచి చట్రం ఒకటి ఎంచుకుని, మన సంఘం నియమాలు అందులో రాసుకుంటే పని అయిపోతుంది. ఎంచుకోవడమే అసలు తంటా.

ఈ కబురు తెలిసి ముగ్గురు తమ తమ చట్రాలు పట్టుకుని వచ్చారు.

మొదట ఏనుగు వచ్చింది. దాని చట్రంలో లేనిది లేదు. రాజ్యాలు ఏలడానికి కూడా సరిపోతుందట. కానీ నడవాలంటే మడుగంత కంప్యూటర్ కావాలి. ఇంత బరువు ఎవరు మోస్తారంటూ ములుకమ్మ ముళ్ళు నిక్కించింది.

తర్వాత నెమలి వచ్చింది. దాని చట్రం తెర మీద మెరుస్తుంటే కళ్ళు చెదిరాయి. అయితే నెమలి ఏటేటా ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది కదా, దాని చట్రమూ అలాంటిదే. ఏడాది తిరిగేసరికి పాతది చెల్లదు, దాని మీద కట్టిందంతా విప్పి మళ్ళీ కట్టుకోవాలి. ములుకమ్మ ముళ్ళు మళ్ళీ నిక్కాయి.

చివరికి గంగులు అనే పందికొక్కు వచ్చాడు. ఒళ్ళంతా మట్టి, మాటలో ఆర్భాటం లేదు.

"అక్కా, ఇందులో గొప్పలేం లేవు" అన్నాడు గంగులు. "ఉడుతల గింజల కొట్టులో ఇదే, కోతుల బజారులో ఇదే. పదేళ్ళుగా నడుస్తోంది. ఎప్పుడైనా ఆగితే, ఎలా నడిపించాలో అడవిలో నలుగురికి తెలుసు."

నిజం చెప్పాలంటే ములుకమ్మకి అందులో ఏ లోపమూ దొరకలేదు. అదే ఆమెకి నచ్చలేదు. ఉడుతలూ కోతులూ వాడేది నేను వాడటమా అనుకుంది. ఇంతా నేర్చుకుని ఒక పందికొక్కు చేసిన గుమ్మాలు బిగించుకోవడమా అనుకుంది. ముగ్గురినీ పంపేసి సంఘానికి కబురు పెట్టింది. ఈ మూడింటికంటే మేలైన చట్రం తానే కడతానని, ఎండలు రావడానికి ఇంకా బోలెడంత కాలం ఉందని.

పని మొదలైంది. అబ్బ, ఎంత సంతోషంగా చేసిందనుకున్నారు! తిండి మరిచిపోయేది. తన చట్రానికి ములుకు అని పేరు పెట్టుకుంది. ప్రతి పుట మీదా 'కట్టినది ములుకమ్మ' అని రాసుకుంది.

కార్తీకంలో చుక్కమ్మ మొదటిసారి వచ్చింది. వంతుల పని ఎంతవరకు వచ్చిందని నెమ్మదిగా అడిగింది. ములుకమ్మ ఉత్సాహంగా తెర చూపించి, ఈ చట్రంలోకి రావడానికి ఏడు తలుపులు పెట్టానని చెప్పింది. ఏడు తలుపులు ఎందుకో చుక్కమ్మకి అర్థం కాలేదు. బాగుందక్కా అని వెళ్ళిపోయింది.

మాఘంలో మళ్ళీ వచ్చింది. అప్పటికి చిన్న వాగులు సన్నబడ్డాయి. ములుకమ్మ ఈసారి పేర్లు దాచే అరలు చూపించింది. పన్నెండు రకాల అరలు. ఈ మడుగేమిటి, రేపు సముద్రానికి వంతులు వేయాలన్నా నా చట్రం చాలు అంది. గుండ్లకోనకి సముద్రం ఎంత దూరమో మీరే ఊహించుకోండి. చుక్కమ్మ వాగు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఫాల్గుణం చివర మూడోసారి వచ్చింది. వాగులు ఎండి రాళ్ళు తేలాయి. ఈసారి వెంట కూతురు కూడా ఉంది. ఆ పిల్ల కుంటుకుంటూ వచ్చి తల్లి పక్కన నిలబడింది. ములుకమ్మ అలవాటుగా తెర తిప్పి, కొత్తగా పెట్టిన మీటల గురించి మొదలుపెట్టబోయింది.

"అక్కా, నాకు చదువు రాదు" అంది చుక్కమ్మ. "ఇందులో మా వంతు ఎక్కడుందో చూపించు. అది చూసి వెళ్ళిపోతాను."

ములుకమ్మ ఒక తలుపు తెరిచింది. ఇంకో తలుపు తెరిచింది. అరలన్నీ లాగి చూసింది. జింక అన్న మాట ఎక్కడా లేదు. కుందేలు లేదు, చిరుత లేదు, మడుగు అన్న మాటే లేదు. అయిదు నెలల పనిలో ఒక్క వంతు కూడా రాయలేదు. ఎటు చూసినా తన పేరే ఉంది.

ఎప్పుడూ నిక్కి ఉండే ముళ్ళన్నీ ఒంటికి అంటుకుపోయాయి. ములుకమ్మ ఆ పిల్ల కాలు వైపు చూసింది. ఇన్నాళ్ళూ తాను పని చేస్తున్నాననే అనుకుంది. చేసింది ఆటేనని ఇప్పుడు తెలిసింది. ఆమెకి చాలా సిగ్గేసింది.

"లేదు చెల్లీ" అంది చివరికి. "మీ వంతు ఇంకా రాయలేదు. పదిహేను రోజులు గడువియ్యి."

చుక్కమ్మ తల ఊపింది. కోపగించుకుని ఉంటే ములుకమ్మకి కాస్త తేలికగా ఉండేదేమో. ఆమె కోపగించుకోలేదు.

మరి ఇప్పుడేం చేయాలి? సొంత చట్రాన్ని పూర్తిచేయాలంటే ఇంకో ఏడాది పడుతుంది. ఎండలు ఏడాది ఆగవు. దారి ఒక్కటే ఉంది, అది గంగులు బొరియ దాకా వెళ్తుంది. ఆ దారిలో ములుకమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఆ కుంటికాలు గుర్తొచ్చి మళ్ళీ ముందుకి నడిచింది.

గంగులు గడ్డి దుంపలు ఆరబెట్టుకుంటున్నాడు. ములుకమ్మ జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఎగతాళి చేస్తాడని ఎదురుచూసింది. గంగులు దుంపలు పక్కన పెట్టి కూర్చున్నాడు.

"నేనూ కట్టానక్కా ఒకటి, వయసులో ఉన్నప్పుడు" అన్నాడు. "రెండేళ్ళు కట్టాను. బ్రహ్మాండంగా ఉండేది. దాంతో ఏం చేసుకోవాలో ఒక్కడికీ తెలియలేదు."

ములుకమ్మకి నవ్వొచ్చింది. ఆమెను చూసి గంగులూ నవ్వాడు. తనను చూసి తానే నవ్వుకోవడం ఆమెకి అదే మొదటిసారి. గంగులు తన చట్రం ఇచ్చి, రెండు దుంపలు తినిపించి మరీ పంపించాడు.

ఈసారి ములుకమ్మ వెంటనే తెర ముందు కూర్చోలేదు. ముందుగా బకయ్య దగ్గర కూర్చుంది. చూలుతో ఉన్న జంతువులకి ముందు వంతు ఇవ్వాలా, ఎండ ముదిరితే వేళలు ఎలా జరపాలి, కొండ అవతలి నుంచి కొత్త మంద వస్తే ఎక్కడ చేర్చాలి, అన్నీ అడిగి రాసుకుంది. బకయ్య మరిచిపోయినవి మిగతా జంతువులు గుర్తుచేశాయి. తర్వాత చట్రంలో ఆ నియమాలు పెడుతూ పోయింది. గుమ్మాలూ గంటలూ సిద్ధంగా ఉండబట్టి పని చకచకా సాగింది. తొమ్మిదో రోజున ఎక్కడో చిక్కుపడి అంతా ఆగిపోయింది. ఇంతలో బజారు నుంచి ఒక కోతి వచ్చి చూసి, ఇది మాకూ జరిగింది, ఈ రెండు వరసలు మార్చు అంది. మార్చగానే నడిచింది. గంగులు చెప్పిన నలుగురు వీళ్ళేనన్నమాట అనుకుంది ములుకమ్మ. పదకొండో రోజుకి పని పూర్తయింది.

చైత్రంలో ఎండ మండుతున్న ఒక ఉదయం మడుగు దగ్గర గంట మోగింది. తెర మీద పేరు పెద్ద అక్షరాలతో పడింది. తెర చూసి పిలవడానికి మాత్రం బకయ్యే కావాలని జంతువులన్నీ పట్టుబట్టాయి. ఆ గొంతు వినకపోతే వాటికి దాహం తీరదట. బకయ్య ఒంటికాలి మీద నిలబడి, తెరకి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చదివి, పిలిచాడు.

"జింకలు."

చిరుత మడుగుకి దూరంగా ఒక బండ మీద పడుకుని ఉంది. తన వంతుకి ఇంకా రెండు గంటలుందని దానికీ తెలుసు. పంజా నాక్కుంటూ కళ్ళు మూసుకుంది. చుక్కమ్మ కూతురిని ముందు పెట్టుకుని మడుగులోకి దిగింది. ఆ పిల్ల మొదట ఒక గుక్క తాగి వెనక్కి చూసింది. ఇంకో గుక్క తాగి మళ్ళీ చూసింది. మూడోసారి తల దించి మరి ఎత్తలేదు, కడుపు నిండేదాకా తాగింది. గట్టు మీద నిలబడి చూస్తున్న ములుకమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి. తన చట్రం ఏడు తలుపులూ ఒక్కసారిగా తెరుచుకున్నా ఇంత ఆనందం కలిగేది కాదు. అన్నట్టు, ఆ పాత చట్రాన్ని ఆమె చెరపలేదు. ఒక మూల దాచుకుంది. ఇష్టపడి కట్టుకున్నది కదా, ఉండనివ్వండి.

పొద్దు వాలేసరికి అన్ని వంతులూ అయ్యాయి. బకయ్య తెరను పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూశాడు.

"అమ్మాయ్, ముళ్ళపందుల వంతు ఏది?"

ములుకమ్మ గబగబా వచ్చి వెతికింది. లేదు. చీమల వంతు కూడా ఉంది, ముళ్ళపందులది లేదు. తన చట్రంలో పుటపుటకీ పేరు రాసుకున్న ములుకమ్మ, ఈ పనిలో తన పేరు పెట్టుకోవడమే మరిచిపోయింది. ఉదయం నుంచి చుక్క నీళ్ళు తాగలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. సరిచేద్దామని కూర్చోబోయింది.

"నువ్వు ఉండు" అన్నాడు బకయ్య. "నాకూ నేర్పావుగా."

కొత్త వంతు చేర్చడం ఆ చట్రంలో అంత తేలిక. ముసలి కొంగ ముక్కుతో టకటకా మీటలు నొక్కాడు. ఎవరి తర్వాత పెట్టమంటారని అడిగితే, మా వెనకే పెట్టు తాతా అంది చుక్కమ్మ కూతురు. ఈ ఒక్కరోజుకి మాత్రం ఇప్పుడే తాగేయమని బకయ్య గంట మోగించాడు. గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా పిలిచాడు.

"ముళ్ళపందులు."

ములుకమ్మ ముళ్ళు దించుకుని మడుగులోకి దిగింది. కడుపు నిండా తాగింది.

నీతి: పనిముట్టును ఎంచుకునే ముందు, ఆ పని ఎవరి కోసమో వాళ్ళని తలుచుకోవాలి.